నిలబడే చొక్కా

మా ఊళ్లో మనుషులకంటే ముందు చొక్కాలు నిలబడతాయి. శ్రీకాకుళం అవతల బంటుపాలెం అంటే మీరు విని ఉండకపోవచ్చు. మా వాళ్లు మాత్రం దేశమంతా తమ పేరు చెప్పుకునే నిశ్చింతగా నిద్రపోతోందని అనుకుంటారు. ఇంటికొకరు పటాలంలో ఉండాల్సిందే, లేకపోతే ఆ ఇంటి మగాళ్లు రచ్చబండ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడాలి. కుర్రాడికి యూనిఫాం రాగానే, ఆ ఇంట్లో అందరికంటే ముందు సైన్యంలో చేరినవాడు దాన్ని తన చేత్తో చిక్కటి గంజిలో ముంచి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, తెల్లారేసరికి అరుగు మీద నిలబెడతాడు. లోపల మనిషి లేకుండానే ఆ చొక్కా నిలబడాలి. ఊరంతా వచ్చి మడత మీద వేలు రాసి చూసి, 'తెగుతోంది' అని మెచ్చుకుని పోతారు. చొక్కా నిలబడితే కుర్రాడూ నిలబడతాడని మా వాళ్ల సిద్ధాంతం. నేను విశాఖపట్నంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను గానీ ఇంత గట్టి సిద్ధాంతం నా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

మా నాన్న తవిటినాయుడు హవల్దారుగా రిటైరయ్యాడు. అమ్మ కడుపులో తమ్ముడు ఉండగానే కొడుకేనని తేల్చేసుకుని, రణధీర్ అని పేరు కూడా పెట్టేశాడు. రణధీరుడు పుట్టాడు, కుక్కరు కూత వేస్తే మంచం కిందికి దూరేవాడు. పోపులో ఆవాలు చిటపటలాడితే చెవులు మూసుకునేవాడు. కొత్త చొక్కా తొడిగితే ఒళ్లంతా గీరుకుని ఏడ్చేవాడు. ఆరేళ్లప్పుడు పట్నంలో డాక్టరమ్మ వాడికి ఆటిజం అని చెప్పి, వాడు ఏడుస్తున్నది నిజంగా గుచ్చుకునే అని వివరించింది. నాన్న అంతా శ్రద్ధగా విని బయటికొచ్చి, ఆవిడకి పిల్లల్లేరేమో అన్నాడు. నాన్న వైద్యం వేరే ఉంది. వాడు ఏడ్చినప్పుడల్లా అరుగు మీద నిలబెట్టి 'సావధాన్' అని అరిచేవాడు.

అమ్మ వైద్యం ఇంకొకటి. మా అమ్మ పైడితల్లి వాడి చొక్కాల మెడల దగ్గరి లేబుళ్లు కత్తెరతో ఊడదీసేది. కొత్త బట్ట వస్తే నానబెట్టి, ఉతికి, ఎండేసి, మళ్లీ నానబెట్టి, పాత బట్టంత మెత్తనయ్యాకే వాడికి తొడిగేది. ఇదంతా ఆమెకి ఎవరూ నేర్పలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు. కొడుకుని పాడుచేస్తోందన్న మాట మాత్రం వీధి వీధంతా అంది.

విచిత్రం ఏమిటంటే, నాన్న వైద్యం వాడికి నచ్చింది. అరుపు కాదు, మాట. సావధాన్ అంటే కదలకూడదు, విశ్రామ్ అంటే కదలొచ్చు. అందులో రెండో అర్థం లేదు. బంధువులు 'ఏరా, బాగా చదువుతున్నావా' అని అడిగి జవాబు వినకుండా పోయే లోకంలో వాడికి అర్థమైన భాష అదొక్కటే. ఇరవై ఏళ్లు దాటాక వాడు నిజంగానే పటాలంలో చేరతానన్నాడు. ఎందుకురా అని అడిగాను.

"సైన్యంలో అర్థం చేసుకో అనరక్కా. ఏం చెయ్యాలో చెప్తారు," అన్నాడు.

ఊళ్లో నవ్వారు. నేను నవ్వలేదు. చెప్పిన వేళకి లేవడం, చెప్పిన పని చెప్పినట్టే చెయ్యడం, అబద్ధం ఆడలేకపోవడం, ఇవన్నీ ఉన్నవాణ్ని సైన్యం ఎందుకు వద్దనాలి? తుపాకీ ఇవ్వకపోతే మానె, సామాన్ల గదో రేడియో గదో అప్పజెప్పొచ్చు. హైవే మీద మిగతా కుర్రాళ్లతో పాటు పొద్దున్నే పరుగు సాధన చేశాడు. సెలక్షన్ రోజు అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి, గీత ఇంకా కొంచెం దూరం ఉందనగా జనం ఈలలు వేస్తే చెవులు మూసుకుని నేల మీద కూర్చుండిపోయాడు. పనికిరాడని ముఖం మీదే చెప్పి పంపేశారు. ఆ అధికారుల మీద నాకు కోపం లేదు. ఉన్నమాట అన్నారు, చేతిలో ఒక మంచినీళ్ల సీసా పెట్టారు. నా అసహ్యమంతా ఆ తర్వాత వచ్చినవాళ్ల మీద.

వాళ్లు జాగృతి పరిశోధనాలయం అనే సంస్థ నుంచి వచ్చారు. డైరెక్టరు ప్రభంజన్ గారు కారు దిగి, లోపల చల్లదనం పోకుండా ఇంజను ఆన్‌లోనే ఉంచమని డ్రైవరుకి చెప్పి, మా అరుగు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. సెలక్షన్లలో తప్పిన పిల్లల్లో ఇలాంటివాళ్ల కోసమే వెతుకుతున్నాడట. వెంట తెచ్చిన తెర మీద ఒక కొండ బొమ్మ చూపించాడు. అదే కొండ మళ్లీ మళ్లీ. మేం ఆవలిస్తూ చూస్తున్నాం. కాసేపటికి రణధీర్, మూడో పొద పక్కన రాయి జరిగింది అన్నాడు. ప్రభంజన్ కళ్లు మెరిశాయి. సంతలో ఎద్దు పళ్లు చూసినవాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆ మొహం.

సంగతి ఇది. సరిహద్దులో కాపలా సిపాయి ఒకే కంచెను గంటల తరబడి చూస్తాడు. కాసేపటికి మెదడు అలవాటు పడిపోతుంది, కళ్ల ముందున్నది కనబడటం మానేస్తుంది. మా వాడి మెదడు అలవాటు పడదు. తిరిగే ఫ్యాను ప్రతి చుట్టూ వాడికి మొదటి చుట్టే. ఆ అలవాటు పడనితనాన్ని ఒక టోపీతో పట్టి, వేరే టోపీలు పెట్టుకున్న సిపాయిలకి పంపించే యంత్రాన్ని వీళ్లు తయారు చేశారు. ఇచ్చేవాణ్ని 'ఊట' అంటారట. బాగుంది పేరు. ఊటబావిని ఎవరూ ఎలా ఉన్నావని అడగరు.

నాన్నకి ఇదేమీ అక్కర్లేదు. కుర్రాడికి యూనిఫాం ఉంటుందా అని ఒక్కటే అడిగాడు. ఉంటుందన్నారు.

ఆ నెలల్లో నేను సెలవు దొరికినప్పుడల్లా తమ్ముడితో పాటు కొండ మీది ఆ పరిశోధనాలయానికి వెళ్లాను. ఊట కూర్చునే గది అద్దాల గది. అమ్మ మెత్తగా ఉతికిన పాత బనీను వేసుకుని, తల మీద తీగల టోపీతో రణధీర్ కుర్చీలో కూర్చునేవాడు. పక్క గదిలో ఒక జవాను టోపీ పెట్టుకుని తెర మీద కంచెను చూసేవాడు. మామూలుగా నిద్రకి తూగే వేళకి ఆ జవాను నిటారుగా కూర్చుని, కంచె తీగ మీద వాలిన తూనీగను కూడా చెప్పేవాడు. బయటికొచ్చాక చెట్టు ఆకుల్ని చూస్తూ, నేనిన్నాళ్లూ వీటిని చూడలేదని కళ్లు తుడుచుకున్నాడు ఒకడు. ఇంకొకడు ఆ ట్యూబులైటు రొద ఆపండి బాబోయ్ అని టోపీ లాగేశాడు. ట్యూబులైటు రొద చేస్తోందని మా వాడు మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉన్నాడు, అప్పుడెవరికీ వినబడలేదు.

చూపు, వినికిడి సిపాయిలకి చేరుతున్నాయి సరే, స్పర్శ కూడా చేరుతోందా అని నేను ప్రభంజన్‌ని అడిగాను. ఆయన చిరునవ్వుతో, మీరు ఇంటర్మీడియట్‌కి కదా చెప్పేది అన్నాడు. అంతటితో నా ప్రశ్నకి సమాధానం అయిపోయింది.

ఢిల్లీ నుంచి వచ్చే పెద్దల ముందు ప్రదర్శన పెట్టారు. అది నెగ్గితే ఆ రోజే ఒప్పందం. ఏడేళ్లు రణధీర్ ఆ అద్దాల గదిలోనే ఉండాలి, పుర్రె కింద సన్నటి తీగ పెడతారు, ముందు పన్నెండు మంది, తర్వాత సరిహద్దు మొత్తం వాడి నరాల మీద కాపలా కాస్తుంది. సెలవుల్లేవు, హోదా లేదు. వాడికి మేలు కీడు తెలియవు కాబట్టి గార్డియన్‌గా నాన్న సంతకం చాలన్నారు. దేశమంతటికీ మెలకువ ఇవ్వడానికి పనికొచ్చే బుర్ర, తన సంతకం తాను పెట్టడానికి పనికిరాదు. నేను నాన్నతో పోట్లాడాను. మూడు తరాల పటాలం ఇల్లు ఇది అన్నాడు, నాతో కాదు, గోడ మీది ఫొటోలతో. రణధీర్ అడిగింది ఒకటే, తన సర్వీసు నంబరు ఎంత అని. తర్వాత ఇస్తాం అన్నాడు ప్రభంజన్. వెళ్లిన ప్రతిసారీ అడిగాడు, ప్రతిసారీ తర్వాతే. ఆ మాటకి ఎప్పటికీ ఇవ్వం అనే అర్థం కూడా ఉంటుందని వాడికి తెలియదు.

పెద్దల ముందు బనీనుతో కూర్చుంటే బాగుండదని, సైన్యం తరఫున ప్రదర్శన చూసుకుంటున్న కల్నల్ రాఠీ అన్నాడు. అందుకని వాడికి యూనిఫాం కుట్టించారు. అమ్మ దాన్ని తన పద్ధతిలో ఉతికి ఉతికి మెత్తగా చేసి తీగ మీద ఆరేసింది. మెత్తగా వేలాడుతున్న ఆ చొక్కాని చూసి నాన్న ప్రాణం ఉసూరుమంది. మసిగుడ్డలా ఉంది అన్నాడట. అమ్మ కోవెలకి వెళ్లొచ్చేలోపు పెద్ద గిన్నెతో గంజి కాచాడు.

నేను కాలేజీ నుంచి నేరుగా పరిశోధనాలయానికి వెళ్లాను. గేటు దగ్గర అమ్మ మొహం చూడగానే ఏదో అయిందని తెలిసింది. పొద్దున్న చొక్కా అరుగు మీద నిలబడిందనీ, ఊరంతా వచ్చి చూసిందనీ, రాళ్లు కరిగినా నాన్న కరగలేదనీ చెప్పింది. వాడు తొడుక్కోనని ఏడిస్తే, ఇది ఆర్డరు అన్నాడట. ఆర్డరు అనగానే వాడు ఏడుపు ఆపి చేతులు పైకెత్తాడట.

నేను పరుగున వెళ్లి ప్రభంజన్‌తో చెప్పాను. చొక్కాకి గంజి పెట్టారు, వాడు దాన్ని భరించలేడు, బనీను వెయ్యండి అని. ఆయన అద్దాల గదిలోకి చూశాడు. రణధీర్ నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"అతనే ఏమీ అనడం లేదు కదమ్మా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని వాచీ చూసుకున్నాడు.

కల్నల్ గదిలోకి తలపెట్టి, ప్రదర్శన అయ్యేదాకా కదలొద్దని చెప్పి తలుపేశాడు.

పచ్చిక మీద పన్నెండు మంది కమాండోలు టోపీలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు, ఒక్కొక్కడూ ఒక్కొక్క గుంజ. ఎదురుగా షామియానా కింద పెద్దలు. ముఖ్య అతిథికి కూడా అనుభవం కలగాలని ఒక టోపీ తెచ్చారు. ఆయన టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, జుట్టు చెదురుతుందనుకున్నాడో ఏమో, వీరుడి తండ్రికి పెట్టండి అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాన్న మెత్తటి పాత లాల్చీలో ఉన్నాడు. లేచి సెల్యూట్ చేసి టోపీ పెట్టుకున్నాడు. ఫొటో తీశారు.

మీట నొక్కారు. ఎదుటి కొండ మీద పొదల్లో దాక్కున్న మనిషిని పన్నెండు చేతులూ ఒక్కసారే చూపించాయి. పెద్దలు మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి పన్నెండు మందీ ఉలిక్కిపడ్డారు.

తర్వాత మొదటివాడు కాలరులో వేలు పెట్టాడు. రెండోవాడు చంక గీరుకున్నాడు. ఎన్నో ఉతుకులు చూసి నలిగిన మెత్తటి బట్టలే వాళ్లవి, అయినా మెడ దగ్గర, నడుము దగ్గర, మోచేతుల మడతల్లో మా నాన్న గంజి గరగరలాడింది. ఒకడు గుండీలు విప్పాడు, ఇంకొకడికి విప్పే ఓపిక లేక చించేశాడు. మంచులో పాకినవాళ్లు, పాముల్ని పట్టినవాళ్లు, దేశానికి గర్వకారణమైన పన్నెండు మందీ చొక్కాలు విసిరేసి పచ్చికలో పొర్లుతున్నారు. ఒకడు వాళ్ల భాషలో అమ్మని పిలిచాడు. కల్నల్ రాఠీ 'సావధాన్' అని గట్టిగా అరిచాడు. ఆ అరుపుకి అందరూ చెవులు మూసుకుని నేల మీద కూర్చుండిపోయారు. అచ్చం మా వాడు గీతకి ముందు కూర్చున్నట్టే. పనికిరారని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. పరుగున వచ్చి టోపీలు తీశారు.

నాన్న టోపీ తియ్యడం అందరూ మరిచిపోయారు. నేను ఆయన్నే చూస్తున్నాను. చెయ్యి మెడ మీదికి పోయింది. లాల్చీ కింద వెతికింది, అక్కడేం లేదు. ఆ గరుకు ఎవరిదో ఆయనకి తెలుసు, గిన్నె తనది, చిక్కదనం తనది. మెల్లగా తలతిప్పి అద్దాల గది వైపు చూశాడు. లోపల కొడుకు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ ఎర్రగా కమిలింది. మడత కోసిన చోట సన్నటి నెత్తుటి గీత. కన్నీళ్లు చెంపల మీదుగా జారి ఆ గంజి కాలరు మీదే పడుతున్నాయి. మనిషి మాత్రం కదల్లేదు.

నాన్న తీగ ఈడ్చుకుంటూ టోపీతోనే గదిలోకి నడిచాడు. అమ్మా నేనూ వెనకాలే వెళ్లాం. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎందుకు విప్పుకోలేదురా అని అడిగాను.

"కదలొద్దన్నారు," అన్నాడు. "కదలొచ్చని ఎవరూ అన్లేదు."

బయట పన్నెండు మంది అర్ధనగ్నంగా నీళ్లు తాగుతున్నారు. ఆ కొండ మీద ఆ రోజు ఆజ్ఞ పాటించిన సిపాయి ఒక్కడే, వాడికి నంబరు లేదు. నాన్న కొడుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అరుగు మీద ఎన్నడూ వినని చిన్న గొంతుతో, "విశ్రామ్" అన్నాడు.

రణధీర్ లేచి చొక్కా విప్పి కుర్చీలో పెట్టాడు. చొక్కా అక్కడ మనిషిలా నిటారుగా కూర్చుంది. అమ్మ సంచిలోంచి పాత బనీను తీసి ఇచ్చింది.

అప్పుడొచ్చాడు ప్రభంజన్, చేతిలో ఒప్పందం కాగితాలతోనే. లోపం దొరికిందట, కేవలం బట్ట. ఇకమీదట ఊటకి బట్ట తగలకుండా, గాలి తగలకుండా, శబ్దం లేకుండా దూది పరిచిన గదిలో ఉంచుతారట, అప్పుడు మెలకువ ఒక్కటే స్వచ్ఛంగా వస్తుందట. మనిషిని ఊరగాయలా జాడీలో పెడతానని ఇంత మర్యాదగా చెప్పినవాణ్ని నేనింకెక్కడా చూడలేదు.

నాన్న టోపీ తీసి రెండు చేతులతో ఆయన ముందుకి చాపాడు.

"ఇది ఎట్టుకోండి బాబూ. ఎట్టుకుని, అప్పుడు సంతకం అడగండి."

ప్రభంజన్ టోపీని చూశాడు, రణధీర్‌ని చూశాడు, చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ చేతులు మళ్లీ బయటికి రాలేదు.

రణధీర్ గుమ్మంలో ఉన్న కల్నల్ వైపు తిరిగి మడమలు కలిపి నిలబడ్డాడు. నా నంబరు ఎంత అని అడిగాడు. కల్నల్ ప్రభంజన్ వైపు చూశాడు. ప్రభంజన్ అలవాటుగా తర్వాత అన్నాడు. కల్నల్ మాత్రం, నీకు నంబరు లేదు, ఇవ్వరు అన్నాడు. ఆ రోజు వాళ్లలో ఒకడు చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

"నంబరు లేకపోతే సిపాయి కాదు కదా సార్. ఇంటికెళ్లొచ్చా?" అన్నాడు మా వాడు.

కల్నల్ తలూపాడు. వాడు సెల్యూట్ చేసి, ఎడమకి తిరిగి, బనీనుతో గేటు దాకా లెక్కగా నడిచి వెళ్లాడు.

జాగృతి వాళ్లు దుకాణం కట్టేశారని అనుకోకండి. గంజి పెట్టే నాన్నలూ లేబుళ్లు కత్తిరించే అమ్మలూ లేని పిల్లలు అనాథాశ్రమాల్లో దొరుకుతారని ప్రభంజన్‌కి ఎవరో సలహా ఇచ్చారట. దాన్ని ఆపించాలని నేను కాగితాలు పట్టుకుని కోర్టు చుట్టూ తిరుగుతున్నాను. మా ఊళ్లో మాత్రం తీర్పు ఎప్పుడో అయిపోయింది. చొక్కా నిలబడింది, కుర్రాడే నిలబడలేదు అని రచ్చబండ దగ్గర తేల్చారు. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కడైనా ఆ చొక్కాలో ఒక పూట కూర్చుంటే చూడాలని నా కోరిక. రణధీర్ ఇప్పుడు ఊరి పాల కేంద్రంలో క్యాన్లు లెక్కచూసే పని చేస్తున్నాడు. అక్కడ ఏం చెయ్యాలో చెప్తారు, బనీను వేసుకోనిస్తారు.

నాన్న మారాడని బంధువులు ఇప్పుడు కథలు చెప్పుకుంటారు. ఇంటికి ఏ కొత్త బట్ట వచ్చినా ముందు తన మెడకి రుద్దుకుని చూస్తాడు, అది నిజమే. నాకింకా ఆయన మీద కోపం పోలేదు. మొన్న పండక్కి నేను వాడికి చొక్కా తెస్తే, ఆయన దాన్ని మెడకి రాసుకుని, అమ్మ దగ్గరికి తీసుకెళ్లి, పెద్ద సంగతి కనిపెట్టినవాడిలా చెప్పాడు.

"పైడితల్లీ, మెడకాడ గుచ్చుతున్నాదే ఇది. ఆడు ఓర్చుకోలేడు."

అమ్మ తలెత్తలేదు.

"ఆ ముక్క ఆడు మాటలు వొచ్చిన్నాటి నుంచి సెప్తన్నాడు," అంది. "ఆడు సెప్తే ఇన్లేదు. టోపీ సెప్తే ఇన్నావు."

చొక్కా ఆయన చేతిలోంచి తీసుకుని, కత్తెరతో లేబులు ఊడదీసి, బకెట్లో నానబెట్టింది.